అమ్మానాన్నలు వస్తున్నారు, నా గది 14 చదరపు మీటర్లు

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె, నాన్న రైతు. జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే మే నెలలో మూడు వారాలు నా దగ్గర ఉండటానికి అమ్మానాన్నలు వస్తామంటున్నారు. వాళ్ళతో పాటు పెదనాన్న, పెద్దమ్మ కూడా బయల్దేరుతున్నారు. బ్యాంకు లోను చాలనప్పుడు 4 లక్షలు సర్దింది పెదనాన్నే. ఆయన ప్యారిస్, స్విట్జర్లాండ్ అని అప్పుడే లిస్టు రాసుకున్నారట. నాన్న ఊరంతా చెప్పేశారు. నేనుండేది హాస్టల్లో 14 చదరపు మీటర్ల గది. వంటగది, బాత్రూం ఇంకో ముగ్గురితో కలిసి వాడుకోవాలి, వాళ్ళలో ఇద్దరు అబ్బాయిలు. ఈ సంగతి ఇంట్లో తెలియదు. యూనివర్సిటీలోనే పార్ట్‌టైం చేస్తున్నానని చెప్పాను గానీ, వారానికి మూడు రాత్రులు పార్సిళ్ళ గోడౌన్లో పనిచేస్తున్నా. పోయిన సెమిస్టర్లో ఒక పేపరు పోయింది, జులైలో మళ్ళీ రాయాలి. నేను వచ్చే ముందు అమ్మ రొట్టెల పండక్కి వెళ్ళి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకుంది. మరుసటేడు వెళ్ళి రొట్టె వదిలింది కూడా. పేపరు పోయిందని ఆమెకి ఎట్లా చెప్పను? ఆ మూడు వారాలకి ఒక మంచి ఫ్లాట్ అద్దెకి తీసుకుని, అందులోనే ఉంటున్నట్టు చూపిద్దామా అనుకుంటున్నా. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
పేరు వద్దన్న పాఠకురాలు, మాగ్డెబర్గ్

జవాబు: ఆ ఫ్లాట్ ఆలోచన మానుకో తల్లీ. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం గానీ, ముందు ఈ మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఎందుకంటే ఆ పని నేను చేశాను.

మాది బుచ్చిరెడ్డిపాళెం. నాన్నకి బస్టాండు దగ్గర చిన్న కూల్‌డ్రింకుల అంగడి ఉండేది. 2013లో, నేను జర్మనీలోనే ఇంకో ఊళ్ళో చదువుకుంటున్నప్పుడు, అమ్మానాన్నలు మొదటిసారి వచ్చారు. నా గది చూస్తే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని భయపడి, సెలవులకి ఊరెళ్ళిన స్నేహితురాలి ఫ్లాట్ తాళాలు అడిగి తీసుకున్నాను. గోడ మీదున్న వాళ్ళింటి ఫొటోలు తీసి బీరువాలో పెట్టాను. నా బట్టలు తెచ్చి తగిలించాను. అంతా సరిగ్గా కుదిరిందనుకున్నా. మొదటి రోజు పొద్దున్నే అమ్మ లేచి, "కాఫీ పెడతాను, పంచదార యాడుంది పాపా?" అని అడిగింది. నాకు తెలియదు. ఒక అర తెరిచాను, ఉప్పు. ఇంకోటి తెరిచాను, ఏవో గింజలు. అయిదో డబ్బా దాకా వెతికాను. అమ్మ గిన్నె పట్టుకుని స్టవ్ దగ్గర నిలబడి నన్నే చూస్తా ఉంది. ఒక్క మాట అనలేదు. ఆ మూడు వారాల్లో మళ్ళీ ఆ వంటగదిలో ఏది ఎక్కడుందని నన్ను అడగనే లేదు.

అది కప్పిపుచ్చుకోవడానికేమో, వాళ్ళని ఊళ్ళన్నీ తిప్పాను. తొమ్మిది రోజుల్లో అయిదు ఊళ్ళు. నాన్న ఎక్కడ చూసినా బెంచీ వెతుక్కునేవాడు. అమ్మ కాళ్ళు వాచాయి. వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో నాన్న నా చెయ్యి పట్టుకుని, "అన్నీ చూపెట్టినావు పాపా. నువ్వు యాడ కూర్చుని చదువుకుంటావో, అదొక్కటీ చూపెట్టలా" అన్నాడు.

నీ ఉత్తరం చదవగానే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. మీ అమ్మానాన్నలు అంత దూరం వచ్చేది జర్మనీ కోసమని నువ్వు అనుకుంటున్నావు. రాత్రి భోజనాలయ్యాక "ఇప్పుడు మా పాప ఏం చేస్తుంటుందో" అనుకుంటే వాళ్ళ కళ్ళ ముందు ఏమీ మెదలడం లేదు, అదీ వాళ్ళ బాధ. ఫోన్లో నీ ముఖం కనిపిస్తుంది, దాని వెనక ఒక తెల్లగోడ కనిపిస్తుంది, అంతే. ఆ గది ఎట్లా ఉంటుందో, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో, నువ్వు ఏ గిన్నెలో అన్నం వండుకుంటావో కళ్ళారా చూసి వెళితే, తర్వాత నెలల తరబడి వాళ్ళకి అదే ధైర్యం. అద్దె ఫ్లాట్ చూపించి పంపితే, వాళ్ళు కోవూరులో పడుకుని తలుచుకునేది నువ్వు లేని ఇంటిని.

అయితే చెప్పాల్సినవన్నీ వాళ్ళు విమానం ఎక్కకముందే చెప్పెయ్యి. వచ్చాక నెమ్మదిగా చెబుదామనుకోకు. పరాయి దేశంలో, ప్రయాణం బడలిక మీద, కోపం వస్తే లేచి బయటికి నడిచి వెళ్ళడానికి కూడా దారి తెలియని చోట అలాంటి మాట వింటే మనిషి ఉక్కిరిబిక్కిరైపోతాడు. అదే ఫోన్లో చెబితే సొంత ఇంట్లో కోప్పడతారు, ఇద్దరూ రెండు రోజులు గొణుక్కుంటారు, మూడో రోజుకి వాళ్ళే ఫోన్ చేస్తారు.

ముందు పని సంగతి నాన్నకి చెప్పు. అందులో తప్పు పని ఏముంది? నీలాంటి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ, 280 సగం రోజులు గానీ పనిచేసుకోవచ్చని అక్కడి చట్టమే చెబుతోంది. ఇంతకుముందు అది 120 రోజులే ఉండేది, 2024 మార్చిలో పెంచారు. ఆ లెక్క దాటకుండా చేస్తున్నంతవరకు నువ్వు తల దించుకోవాల్సిన పని లేదు. పెన్నా కాలువల కింద సేద్యం చేసేవాళ్ళు నీళ్ళ వంతు కోసం అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళడం నేను చిన్నప్పటి నుంచి చూశాను. మీ నాన్నగారు కూడా ఎన్ని రాత్రులు అట్లా నీళ్ళు కట్టి ఉంటారో ఆయన్నే అడుగు. రాత్రి పని అంటే ఏమిటో ఆయనకి నువ్వు వివరించక్కర్లేదు. ఆయన మనసు నొచ్చుకుంటే, నువ్వు అబద్ధం చెప్పినందుకే నొచ్చుకుంటుంది. దానికి క్షమించమని ఒక్కసారి అడుగు, పదిసార్లు వద్దు.

ఒక కాగితం మీద లెక్క కూడా రాసి పెట్టుకో. నీ చదువు వీసాకి చూపించే బ్లాక్డ్ అకౌంట్ (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) లెక్క ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992. ఆ డబ్బు ఎట్లా పోగుచేశారో మీ నాన్నకే తెలుసు. అద్దెకి ఎంత పోతుంది, హెల్త్ ఇన్సూరెన్స్‌కి ఎంత, తిండికి ఎంత, గోడౌన్ నుంచి ఎంత వస్తోంది, ఇవన్నీ అంకెల్లో చూస్తే రైతుకి అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. పెట్టుబడి, రాబడి ఆయనకి రోజూ ఉండే లెక్కలే.

ఇక్కడ నేనొకటి అడుగుతాను, నాకు రాయక్కర్లేదు, నీకు నువ్వే చెప్పుకో. ఆ పేపరు పోవడానికి ఈ మూడు రాత్రుల పనే కారణమా? అవునంటే, అమ్మానాన్నలు వచ్చినా రాకపోయినా, జులై పరీక్ష అయ్యేదాకా ఒక రాత్రికి తగ్గించుకో. జర్మనీలో చాలా కోర్సుల్లో ఒక పేపరుకి మూడే అవకాశాలు ఉంటాయి, మూడోది కూడా పోతే ఆ కోర్సులో కొనసాగడమే కష్టం. నీకింకా రెండు ఉన్నాయి. ఇప్పుడే జాగ్రత్త పడు.

అమ్మ, రొట్టె. దీని గురించి రెండు రోజులు ఆలోచించాను. మేమంతా ఆ చెరువు నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి పెరిగినవాళ్ళమే. ఆరోగ్యం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, ఈమధ్య వీసా రొట్టె అని కూడా అడిగి మరీ పట్టుకుంటున్నారు. కోరిక తీరినవాళ్ళు తర్వాతి ఏడాది అదే రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. మీ అమ్మ నీకు జర్మనీలో సీటు రావాలని పట్టుకుంది, వచ్చింది, వదిలింది. ఆమె మొక్కు చెల్లిపోయింది. నీ పేపరుకీ ఆ రొట్టెకీ ముడిపెట్టి నువ్వు కుమిలిపోతున్నావు గానీ ఆమె అట్లా ఆలోచిస్తుందని నేను అనుకోను. ఒక కారు పంట పోయిందని చేను బీడు పెట్టుకునేవాళ్ళు మన వైపు ఎవరూ లేరు. ఎడగారుకి, అంటే రెండో పంటకి, మళ్ళీ నారు పోస్తారు. "అమ్మా, ఒక పేపరు పోయింది, జులైలో మళ్ళీ రాస్తున్నా, దానికోసం పొద్దుటిపూట చదువుకోవాలి, మీరున్నా నేను లైబ్రరీకి వెళతాను" అని నాలుగు ముక్కల్లో చెప్పు. ఆమె భయపడేది నువ్వు ఏడుస్తూ చెబితేనే.

అబ్బాయిల విషయం అన్నిటికంటే తేలిక, నువ్వే కొండంత చేసుకున్నావు. ఎవరి గదికి వాళ్ళకి తాళం ఉంటుంది, వంటగది మాత్రం ఉమ్మడి, అక్కడ చదువుకునే పిల్లల్లో చాలామంది ఇట్లాగే ఉంటారని చెప్పు. ఒక సాయంత్రం అందరూ వంటగదిలో ఉన్నప్పుడు వీడియోకాల్ చేసి ఒక్కొక్కరినీ పరిచయం చెయ్యి. అమ్మ అడగబోయే మొదటి ప్రశ్న వాళ్ళేం తింటారు అని.

పెదనాన్న సంగతి కొంచెం కష్టమే. కానీ ఈసారికి ఆయన్ని రావద్దని చెప్పాల్సిందే. ఆ గదికి నలుగురు రావడం కుదరని పని. పైగా పరీక్ష ముందు నువ్వు ప్యారిస్, స్విట్జర్లాండ్ తిరగలేవు. అప్పు ఇచ్చిన మనిషికి గౌరవం ఇవ్వాలి, నీ పరీక్షని ఇవ్వక్కర్లేదు. అయితే ఈ మాట నాన్నతో చెప్పించకు. అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే అది నీ చదువు అయిపోయాక కూడా మిగిలిపోతుంది. నువ్వే ఫోన్ చెయ్యి. "పెదనాన్నా, మీరు సర్దిన డబ్బు వల్లే నేను ఇక్కడున్నాను, అది నేను మర్చిపోను. జులైలో నాకు పరీక్ష ఉంది. ఇప్పుడు మీరొస్తే మిమ్మల్ని సరిగ్గా చూసుకోలేను. ఉద్యోగం వచ్చి సొంతంగా ఇల్లు తీసుకున్నాక మీరూ పెద్దమ్మా రావాలి, అప్పుడు నేనే టికెట్లు పంపుతాను" అని చెప్పు. టికెట్ల మాట నిజంగా చెయ్యగలిగితేనే అను. లేదు, ఇప్పుడే చూడాలని ఆయన పట్టుబడితే, చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో యూరప్ తీసుకెళ్ళే గ్రూప్ టూర్లు ఉంటాయి. ఆయన తన ఖర్చుతో తన వీసాతో అందులో వెళ్ళి, వీలైతే మీ ఊళ్ళో రెండు రోజులు ఆగుతారు. ఒక్కటి గుర్తుంచుకో. షెంగెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి, కాబట్టి ఆయన టూర్‌నీ మీ అమ్మానాన్నల ప్రయాణాన్నీ ఒకే కాగితాల్లో కలిపేస్తే చిక్కులొస్తాయి.

పడక ఎక్కడ అన్నది ఇంక చూద్దాం. హాస్టల్ ఆఫీసుకి ఈ వారమే మెయిల్ పెట్టు. గదిలో బయటివాళ్ళు ఎన్ని రాత్రులు ఉండొచ్చో ఒక్కో చోట ఒక్కో రూలు ఉంటుంది, కొన్ని హాస్టళ్ళలో గెస్ట్ రూములు కూడా అద్దెకి ఇస్తారు. రూలు ఒప్పుకోకపోతే దగ్గర్లో ఒక చిన్న గది తీసుకో, రాత్రి పడుకోవడానికి మాత్రమే. తెల్లారగానే నీ దగ్గరికి వచ్చేస్తారు, కాఫీ నీ వంటగదిలోనే. "ఇది అద్దె గది నాన్నా, నేనుండేది అక్కడ" అని చెప్పి చూపించే గదికీ, ఇదే నా ఇల్లు అని చూపించే ఫ్లాట్‌కీ ఎంత తేడా ఉందో నేను పంచదార డబ్బా దగ్గర తెలుసుకున్నాను.

వీసా పని ఆలస్యం చెయ్యొద్దు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు గానీ 45 రోజుల దాకా పట్టే వీలుంది, వేసవికి రద్దీ ఎక్కువ. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కంపెనీ సర్వీసు చార్జీ వేరే. ఇద్దరూ స్వయంగా వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. ఉన్నన్ని రోజులకీ కనీసం 30,000 యూరోల ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. అది కొనేటప్పుడు బీపీ, సుగర్ లాంటి పాత జబ్బుల గురించి పాలసీలో ఏం రాశారో నువ్వే కూర్చుని చదువు, ఏజెంటు మాట నమ్మి వదిలెయ్యకు.

మీ నాన్నగారు రైతు కదా, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కంటాక్స్ లేదు కాబట్టి రిటర్నులు ఉండకపోవచ్చు. అప్పుడు పట్టాదారు పాస్‌పుస్తకం, 1బీ, అడంగల్, ధాన్యం అమ్మిన రసీదులు, ఆ డబ్బు పడ్డట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఇంగ్లీషు అనువాదంతో జతచెయ్యండి. ఆయన ఏం పండిస్తారో, ఏడాదికి ఎంత వస్తుందో, మళ్ళీ పంటకి ఎందుకు తిరిగి రావాలో ఒక పేజీ ఉత్తరం రాసి సంతకం పెట్టించు. అందులో దిగుబడి పుట్లలో రాయకండి. మన పుట్టి 850 కిలోలని వీసా ఆఫీసులో ఎవరికీ తెలియదు, క్వింటాళ్ళలో రాయండి. దరఖాస్తుకి వారం ముందు ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి ఖాతాలో వెయ్యడం అసలు వద్దు, ఉన్నట్టుండి పడ్డ పెద్ద మొత్తం అనుమానం తెప్పిస్తుంది. ఖర్చులన్నీ నేనే భరిస్తానని అక్కడి విదేశీయుల ఆఫీసులో ఇచ్చే హామీపత్రం ఒకటి ఉంది, కానీ దానికి నీకు తగినంత జీతం ఉండాలి. విద్యార్థిగా నీకు అది కుదరడం కష్టం, కాబట్టి వాళ్ళ డబ్బే చూపించడం మేలు.

మే నెల మంచిదే. మొదటి కారు కోతలై ధాన్యం అమ్ముడుపోయి ఉంటుంది, మన మే నెల ఎండలూ చాలావరకు తప్పుతాయి. మొదటి వారంలో వచ్చి నెలాఖరులోపు వెళ్ళేట్టు తేదీలు చూడు. దానికో కారణముంది. జర్మనీ అంతటా లోకల్ రైళ్ళు, ట్రాములు, బస్సులు ఎక్కడానికి పనికొచ్చే నెల టికెట్టు 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63 యూరోలు. అది క్యాలెండర్ నెలకే చెల్లుతుంది. మే మధ్యలో వచ్చి జూన్ మధ్యలో వెళితే ఇద్దరికీ రెండేసి నెలలకి కట్టాలి. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చెయ్యకపోతే వచ్చే నెల డబ్బులు కూడా పోతాయి, ఫోన్లో అలారం పెట్టుకో. చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది, కాస్త ఖరీదైనా మధ్యలో మారే పని లేకుండా అదే తీసుకో. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల దారి. నువ్వు ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి గేటు బయట నిలబడు.

సంచిలో ఏం సర్దాలో అమ్మకి ముందే చెప్పాలి, లేకపోతే ఆమె వంటిల్లంతా కట్టుకొస్తుంది. మాంసం, పాలు, పాలతో చేసినవి యూరప్‌లోకి తేనివ్వరు. నెయ్యి, పన్నీరు, చికెన్ పచ్చడి వద్దు. మా అమ్మ తెచ్చిన నెయ్యి డబ్బా కస్టమ్స్‌లో పోయింది, ఆమె ఇప్పటికీ ఆ వెన్న ఏ గేదెదో చెప్పి బాధపడుతుంది. మలై కాజా లాంటి పాల స్వీట్ల విషయంలో నేనైతే సాహసం చెయ్యను. మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. ఊరగాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, చింతపండు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. నీకు సంతోషం కలిగించే మాట ఒకటి: చేపలకీ రొయ్యలకీ ఆ అడ్డు లేదు, సొంతానికి మనిషికి 20 కిలోల దాకా ఒప్పుకుంటారు, కాబట్టి రొయ్యల పచ్చడి తెమ్మను. ఉదయగిరి చెక్క గరిటెలు రెండు మూడు తెస్తే నీతో ఉండే పిల్లలకి ఇవ్వొచ్చు, బరువుండవు, చేతిపని. మందులు ఉన్నన్ని రోజులకి సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి. అక్కడ చీటీ లేకుండా బీపీ మాత్ర కూడా ఇవ్వరు. ప్రాణం మీదికొస్తే 112. ఆఫీసు వేళలు దాటాక మామూలు డాక్టరు కావాలంటే 116117. ఈ రెండు నంబర్లూ వాళ్ళ ఫోన్లలో నువ్వే ఎక్కించు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ సిగ్గుపడి చెప్పరు. అక్కడి టాయిలెట్లలో నీళ్ళుండవు. పెద్దవాళ్ళకి ఇది అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది. ఒక మగ్గు కొని పెట్టు. స్నానం మాత్రం ఆ షవర్ తొట్టి లోపలే చెయ్యాలని మొదటి రోజే చూపించు. చాలా బాత్రూముల్లో బయట నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు, మన అలవాటు ప్రకారం కుమ్మరిస్తే కింద వాళ్ళ కప్పు తడుస్తుంది. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవాలి, వంటగది తలుపు మూయాలి. మా అమ్మ ఎండుమిర్చి వేయించిన ఘాటుకి హాలులో పొగ అలారం మోగి, పైన ఉండే ముసలాయన చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చాడు. అమ్మ ఆయనకి గారెలు పెట్టి పంపింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు కూడదు, ఆదివారం మొత్తం అంతే, కాబట్టి మిక్సీ వేసే పనులు శనివారమే కానివ్వాలి. ఆదివారం అంగళ్ళు కూడా ఉండవు.

ఇక రోజులెట్లా గడపాలి? 2015లో మా వాళ్ళు రెండోసారి వచ్చినప్పుడు నేను ఏ ఊరికీ టికెట్టు తీయలేదు. నా గది, నా వంటగది, నా లైబ్రరీ, అంతే. మొదటివారం నాన్న ఏం తోచక కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు సూపర్ మార్కెట్‌కి వెళుతూ ఖాళీ ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకున్నాను. అక్కడ మెషీన్లో ఒక్కో సీసా పెడితే గిర్రున తిరిగి లోపలికి పోతుంది, 25 సెంట్ల చొప్పున లెక్క కట్టి చీటీ ఇస్తుంది. నాన్న మెషీన్ ముందు వంగి మూడు సీసాలు పోయేదాకా చూసి, నాలుగోది నా చేతిలోంచి తీసుకుని తానే పెట్టాడు. "ఇది మన సీసా డిపాజిట్టే కదా పాపా! నేను ముప్పై ఏళ్ళు చేసింది ఇదే కదా!" అన్నాడు. గాజు సీసాలు ఖాళీవి తెచ్చిస్తేనే డిపాజిట్టు వెనక్కి ఇచ్చిన మనిషి ఆయన. ఆ రోజు నుంచి సీసాల డ్యూటీ ఆయనదే. ఎవరి సీసాలు వాళ్ళు పారేసుకునే మా హాస్టల్ పిల్లలు తలుపు బయట పెట్టడం మొదలుపెట్టారు. చీటీ డబ్బులతో వాళ్ళకే అరటిపండ్లు తెచ్చి వంటగది బల్ల మీద పెట్టేవాడు. ఒంటరిగా వెళ్ళి రావడం నేర్చుకున్నాడు. ఇంట్లో ఒక పని దొరికాక ఆయన చుట్టంలా కూర్చోవడం మానేశాడు.

అందుకని వాళ్ళకి పని అప్పజెప్పు. అమ్మకి ఒక పూట వంటగది పూర్తిగా వదిలెయ్యి, నువ్వు గరిటె ముట్టుకోకు. మామిడికాయ దొరక్కపోయినా చింతపండుతోనే చేపల పులుసు పెట్టించు, మర్నాడు అందరూ కలిసి తినండి. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నువ్వు లైబ్రరీలో ఉంటావని మొదటి రోజే గట్టిగా చెప్పు. ఒకరోజు నాన్నని కూడా తీసుకెళ్ళి నువ్వు కూర్చునే కుర్చీ చూపించు, పక్క కుర్చీలో ఒక అరగంట కూర్చోబెట్టు. గోడౌన్ దగ్గరికి కూడా ఒక సాయంత్రం నడిపించి, బయట నుంచైనా చూపించు. నీది చిన్న పార్ట్‌టైం పనే అయినా జీతంతో సెలవు తీసుకునే హక్కు చట్టం ఇస్తుంది, ఆ మూడు వారాలకి వీలైనన్ని రోజులు ఇప్పుడే అడిగి పెట్టుకో.

తిప్పాలంటే బెర్లిన్ ఒక్కరోజు చాలు, లోకల్ రైల్లో వెళ్ళి రావచ్చు. మీ యూనివర్సిటీకి పేరు పెట్టిన ఒట్టో ఫాన్ గెరికే కథ నాన్నకి చెప్పు. ఆ ఊరి మేయరు ఆయన. 1650ల్లో రెండు రాగి అర్ధగోళాలు కలిపి లోపలి గాలి తీసేసి, అటూ ఇటూ గుర్రాలు కట్టి లాగించినా అవి ఊడిరాలేదు. కానీ మీ నాన్నని తప్పక తీసుకెళ్ళాల్సిన చోటు వేరే ఉంది. ఊరి బయట ఎల్బ నది మీద నీళ్ళ వంతెన కట్టారు. 2003లో తెరిచారు, 918 మీటర్ల పొడవు. కింద నది పారుతుంటుంది, పైన వంతెన మీద కాలువ పారుతుంటుంది, ఆ కాలువలో సరుకు పడవలు పోతుంటాయి. నదికి అటూ ఇటూ ఉన్న రెండు కాలువల్ని అట్లా కలిపారు. సంగం దగ్గర ఆపిన పెన్నా నీళ్ళు కనిగిరి రిజర్వాయరు మీదుగా తన చేను దాకా ఎట్లా వస్తాయో మీ నాన్నకి తూము తూమూ తెలిసి ఉంటుంది. ఆయన్ని ఆ వంతెన పక్క దారిన నడిపించు. పడవ వచ్చేదాకా ఆగండి, తొందరపెట్టకు. భోజనం కట్టుకెళ్ళండి. ప్యారిస్ టవర్ దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు, ఇక్కడ మాత్రం నీళ్ళు ఎటు నుంచి ఎక్కించారు, గట్టు కారదా, తలుపులు ఎట్లా పనిచేస్తాయి అని నిన్ను ప్రశ్నలతో చంపేస్తారు. వెళ్ళేముందు కాస్త చదువుకుని వెళ్ళు.

మే నెలాఖర్లో అక్కడ పొద్దు గూకేసరికి తొమ్మిది దాటుతుంది. మా అమ్మ దీపం పెట్టాలని ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి గడియారం చూసి ఆరున్నరకే ఎండలో పెట్టేసింది. మీ అమ్మకి ముందే చెప్పు, అగ్గిపెట్టె, చిన్న కుంది కిటికీ దగ్గర సిద్ధంగా పెట్టు. అక్కడ మంట విషయంలో జాగ్రత్త, పరదా దూరంగా జరుపు.

వచ్చే ఆదివారం పొద్దున లేచి ఇంటికి ఫోన్ చెయ్యి. మే నెల రావడానికి టైముంది, కానీ వీసా కాగితాలు కదలాలంటే నిజం ముందు చెప్పాలి, ఎందుకంటే ఆహ్వాన పత్రంలో నువ్వుండే చిరునామా రాయాలి. ఎండాకాలం గడియారం ప్రకారం అక్కడ 11 గంటలంటే కోవూరులో రెండున్నర, చలికాలం గడియారమైతే మూడున్నర. ఆదివారం ఆ వేళకి నాన్న భోంచేసి మంచం మీద నడుం వాల్చి ఉంటారు, అమ్మ పక్కనే ఉంటుంది. కెమెరా వెనక్కి తిప్పి, ముందు గది చూపించు, తలుపు నుంచి కిటికీ దాకా. తర్వాత మాట్లాడు.